నూట ముప్పయ్యో కుర్చీ

వాషింగ్టన్‌లో వరసలో నిలబడటం ఒక ఉద్యోగం. సర్కారు వాళ్ళు ఏదైనా విచారణ పెడితే హాల్లో ముందొచ్చినవాళ్ళకే చోటు. సూటు వేసుకున్న పెద్దమనుషులు చలిలో నాలుగు గంటలు నిలబడరు కదా, వాళ్ళ బదులు మేం నిలబడతాం. తలుపులు తెరిచే ముందు వాళ్ళు టాక్సీ దిగి వస్తారు, మేం పక్కకి జరుగుతాం, మా చోట్లో వాళ్ళు నిలబడతారు. మేం ఇంటికి పోతాం. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాక నేను ఈ పనిలో చేరాను. నా పేరు ఓడెల్ ప్రేథర్. ఆరేళ్ళుగా ఇదే బతుకు.

ఈ పనికో నీతి ఉంది, నవ్వకండి. చోటు మనది కాదు, మనల్ని నిలబెట్టినవాడిది. దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు. పక్కవాడు బాత్రూంకి వెళ్తే వాడి చోటు కాపాడాలి. ఎవరికోసం నిలబడ్డావని అడిగితే చెప్పకూడదు. నిజానికి చెప్పడానికి మాకూ తెలియదు, చివరి నిమిషంలో ఒక పేరు చెవిన వేస్తారు, అంతే. ఈ నాలుగు ముక్కలూ ఆరేళ్ళపాటు తు.చ. తప్పకుండా పాటించాను. పాటిస్తున్నానని గర్వపడ్డాను కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది.

నవంబరు నెల. ఒక కాలేజీ ఆడిటోరియంలో సర్కారు కమిషన్ వారి బహిరంగ విచారణ. తెల్లవారాక ఆరున్నరకి వెళ్ళేసరికి మావాళ్ళే వందమందికి పైగా మెట్లకింద బారులు తీరి ఉన్నారు. ఒకే విచారణకి అంతమందిని పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చూసినప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. పెద్ద వ్యవహారం కాబోలు, పెద్దమనుషులు ఎక్కువమంది వస్తారు కాబోలు అనుకుని వరస చివర చేరాను. నా ముందు హోరేస్. లావాటి మనిషి, ఒకప్పుడు తపాలా ఆఫీసులో పనిచేశాడు, ఎక్కడికెళ్ళినా మడత కుర్చీ వెంట తెచ్చుకుంటాడు.

"ఈసారి దేనికిరా?" అన్నాను.

"ఇంటర్నెట్‌కట. తీగలేసిన కంపెనీలున్నాయి చూడు, వాళ్ళు తమ తీగమీద పోయేవాటన్నిటినీ సమానంగా పోనివ్వాలా, లేకపోతే డబ్బు కట్టినోణ్ణి ముందుకి తోసి కట్టనోణ్ణి వెనక ఆపొచ్చా అని పంచాయితీ."

"నువ్వేమంటావు?"

"నేననేదేముంది? డబ్బున్నోడు ముందు, లేనోడు వెనక. అది మన పనేగా! మనం తప్పంటే మన కూడెట్లా?" అని పొట్ట కదిలేలా నవ్వాడు. "పాల ధరకి నిలబడ్డాను, తుపాకులకి నిలబడ్డాను, పొగాకుకి రెండువైపులా నిలబడ్డాను. దేనికి నిలబడ్డా కాళ్ళనొప్పి ఒకటేరా ఓడెల్."

నేనూ నవ్వాను. అప్పుడే నా వెనక ఇద్దరొచ్చి చేరారు. నలభై అయిదేళ్ళ ఆడమనిషి, ఆమెకంటే నాలుగైదేళ్ళు చిన్నవాడైన మగమనిషి. ముఖాల్లో ఒకే పోలిక, ఒకే గుండ్రటి చుబుకం. దూరప్రయాణం చేసి నలిగిపోయిన బట్టలు. మా కంపెనీ వాళ్ళు కాదని చూడగానే తెలిసింది. మేం ఎవరమూ అంత శ్రద్ధగా తల దువ్వుకోం.

ఆమె వరస పొడుగునా నడుస్తూ తలలు లెక్కపెట్టి, వెనక్కి వచ్చి చేతులు గాల్లో చకచకా ఆడించింది. అతను చూసి తల ఊపాడు. మాట లేదు. అతను చెవిటివాడని అప్పుడర్థమైంది.

"నూట ముప్పైమంది ఉన్నారండీ మా ముందు," అంది నాతో, ఊపిరి తీసుకుని. "హాల్లో నూట ఎనభై కుర్చీలని రాశారు. ఫర్వాలేదు కదా? మేం లోపలికి పోతాం కదా?"

"నిక్షేపంగా పోతారమ్మా," అన్నాను.

ఆమె పేరు లోర్నా హ్యాచర్. తమ్ముడు వెండెల్. వెస్ట్ వర్జీనియా కొండల్లోంచి బస్సులో వచ్చారు. ఆమె సంచిలోంచి పెప్పరోనీ రోల్ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. హోరేస్‌కి కూడా ఒకటిచ్చింది. చలికి గట్టిపడిన రొట్టె, లోపల మాత్రం మాంసం నూనె ఇంకి మెత్తగా ఉంది. ఇంటి వంట. నేను మొహమాటం లేకుండా తిన్నాను. అదీ గుర్తుంది నాకు, తిన్నాను.

"మీరెవరికోసం వచ్చారండీ?" అంది లోర్నా. మేం కూలికి నిలబడే బాపతని హోరేస్ అప్పటికే బయటపెట్టేశాడు.

"తెలియదమ్మా. తలుపు తెరిచే ముందు చెప్తారు."

ఆమె ఆ మాట చేతులతో తమ్ముడికి చెప్పింది. అతను నమ్మలేనట్టు కనుబొమలెత్తి, తర్వాత పకపకా నవ్వాడు. శబ్దం కొంచెం ఎక్కువే వచ్చింది, వరసలో నలుగురు తిరిగి చూశారు. నావైపు తిరిగి నాలుగువేళ్ళు చాచి నుదుటికి ఆనించి, చెయ్యి విసురుగా బయటికి తిప్పాడు, నుదుటిమీద ఉన్నదేదో దులిపేసినట్టు.

"అది 'తెలియదు'," అంది లోర్నా. "మీకు బాగా పనికొస్తుందట, నేర్చుకోమంటున్నాడు."

నేను చేసి చూపించాను. వెండెల్ నా మణికట్టు పట్టుకుని సరిచేశాడు. రెండోసారి బాగా వచ్చిందని భుజం తట్టాడు. అతని అరచెయ్యి ఆకురాయిలా గరుకు, కుర్చీలూ బల్లలూ బాగుచేసే పనట.

ఎనిమిదింటికి వాళ్ళు సాధన మొదలుపెట్టారు. హాల్లో ఒక్కొక్కరికీ రెండు నిమిషాలు. వెండెల్ చేతులతో చెప్తాడు, వేదికమీద కమిషన్ వాళ్ళ దుబాసీ ఉంటాడు, అతను దాన్ని గొంతుతో పలుకుతాడు. ఇక్కడ సాధనకి మాత్రం లోర్నా పలుకుతోంది. ఆమె వృత్తే అది. నా వాచీ చూసి కాలం చెప్పమంది.

"నాకు పెళ్ళై పద్నాలుగేళ్ళు," అని మొదలుపెట్టింది. "నా భార్య పేరు ఓపల్."

నేను వాచీ వదిలేసి ఆమెవంక చూశాను. "మీకు భార్యా?"

హోరేస్ దగ్గుతూ నవ్వాడు. లోర్నా కూడా నవ్వింది. "వాడి మాటండీ. దుబాసీ పని చేసేటప్పుడు 'నేను' అంటే వాడే. నేనుండను అక్కడ. వాడు తిడితే తిట్టాలి, వాడు ఏడిస్తే ఏడుపు గొంతు పెట్టాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. మా పని నియమం."

నియమమంటే నాకు గౌరవం. మా పనికీ నియమాలున్నాయని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని అది కూడా తమ్ముడికి చెప్పింది.

వెండెల్ చెప్పింది ఇది. ఓపల్ కూడా చెవిటిదే. కిందటి మార్చిలో ఒక మధ్యాహ్నం వంటింట్లో కుప్పకూలింది, నోరు ఒక పక్కకి లాగేసింది. పక్షవాతం. కొండకింద చిన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ దుబాసీ లేడు, చక్రాలమీద ఒక తెర తెచ్చి మంచం పక్కన పెట్టారు. తెరలో, ఇంటర్నెట్ మీదుగా దుబాసీ పని చేసే లోర్నా వాళ్ళ చిన్న సంస్థ అమ్మాయి. డాక్టరు అడగాల్సింది ఒకే ప్రశ్న. ఎప్పుడు మొదలైంది? గడ్డ కరిగించే మందు ఇవ్వాలంటే మొదలైన వేళ తెలియాలి, ఆలస్యమైతే ఆ మందే ప్రాణం తీస్తుంది. వెండెల్ వేళ చెప్పాడు. తెరమీద అతని చేతులు సగంలో ఆగిపోయాయి. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ బిగుసుకుపోయాయి. ఆ అమ్మాయికి ఒకసారి ఒంటిగంటలా కనపడింది, ఒకసారి పదకొండులా. డాక్టరు కాగితం ఇచ్చాడు, కానీ వెండెల్‌కి ఇంగ్లీషు రాత అంతంతమాత్రం, భయంతో అదీ పోయింది. అలా అలా మందిచ్చే వేళ దాటిపోయింది.

"ఆ ఊళ్ళో తీగ ఒక్క కార్డ్‌వెల్ కేబుల్ వాళ్ళదే," అంది లోర్నా తమ్ముడి గొంతుగా. "ఆ నెల్లోనే వాళ్ళు సొంతంగా ఇలాంటి తెర దుబాసీ వ్యాపారం పెట్టారు. వాళ్ళ తెర నీళ్ళలా నడుస్తుంది. మా అక్కావాళ్ళ తెర ఆగిపోతుంది. అదే ఆసుపత్రి, అదే తీగ. వేగం కావాలంటే వేరే సుంకం కట్టమన్నారు. ఓపల్ బతికింది. కుడిచెయ్యి పడిపోయింది. మాకు చెయ్యి అంటే నోరు. ఇప్పుడు నా భార్య సగం నోటితో మాట్లాడుతోంది."

నేను వాచీ చూడటం మర్చిపోయాను.

"ఎంతైందండీ?"

"మూడు నిమిషాలు దాటిందమ్మా."

కత్తిరించడం మొదలుపెట్టాం. మొదలుపెట్టాం అంటున్నాను, ఎందుకంటే నేనూ అందులో దూరాను. కమిషన్ వారికి కృతజ్ఞతలు చెప్పే వాక్యం తీసెయ్యమన్నది నేనే. ముందు పెళ్ళి సంగతి వద్దు, తెర సంగతితో మొదలుపెట్టమన్నది నేనే. నాలుగోసారికి రెండు నిమిషాల అయిదు సెకన్లు. అయిదోసారికి ఒకటీ యాభై ఎనిమిది. వెండెల్ రెండు పిడికిళ్ళూ పైకెత్తాడు. ఆ రెండు నిమిషాలూ అప్పటికి నాకు కంఠతా వచ్చేశాయి. మధ్యలో వాళ్ళిద్దరూ బాత్రూంకి వెళ్తే వెనకవాడొకడు ముందుకి జరగబోయాడు. "ఏమయ్యా, మనుషులున్నారిక్కడ," అని గదమాయించి వాళ్ళ సంచి పక్కనే కాపలా ఉన్నాను. నీతిమంతుణ్ణి మరి!

తొమ్మిదిన్నరకి క్వెంటిన్ లాస్కర్ వచ్చాడు. మమ్మల్ని పనిలో పెట్టేవాడు. ముప్పై ఏళ్ళుండవు, మెడలో బిళ్ళ, చేతిలో కాఫీ, ఎవరితో మాట్లాడినా తేనె పూసినట్టే ఉంటుంది. వరస పొడుగునా ఒక్కొక్కరి చేతిలో ఒక పసుపు కాగితం పెడుతూ వచ్చాడు.

"ఏం పెద్దాయనా, మోకాలెలా ఉంది? ఈరోజు మారడాలు లేవు. మీరే లోపలికెళ్ళి కూర్చోండి."

"మరి మనిషి?"

"వస్తే వస్తాడు. మీరు కూర్చోండి ముందు. లోపల వెచ్చగా ఉంటుంది, నిద్రపోయినా ఏమనరు. పేరు పిలిస్తే ఈ కాగితం చదవండి, అంతే."

వాడి వెనకాలే రెండు పెద్ద బస్సులు వచ్చి ఆడిటోరియం పక్క తలుపు దగ్గర ఆగాయి. యాభైమంది దిగారు. అందరి కోటుకీ కార్డ్‌వెల్ కేబుల్ గుర్తు. వాళ్ళు వరసలో నిలబడలేదు. పక్క తలుపు తెరుచుకుంది, లోపలికి పోయారు, తలుపు మూసుకుంది. లోర్నా అటే చూస్తూ నోట్లో ఏదో లెక్క వేసుకుంది. ఆమె ముఖం పాలిపోయింది.

మా తలుపు తెరిచారు. కాపలావాడు చేతిలో లెక్కమిషను నొక్కుతూ ఒక్కొక్కరినీ పంపుతున్నాడు. హోరేస్ కుర్చీ మడిచి చంకన పెట్టుకుని లోపలికి పోయాడు. నా వంతు వచ్చింది, మిషను టిక్కుమంది. నా వెనక వాడి చెయ్యి అడ్డంగా దిగింది.

"నూట ముప్పై. అయిపోయింది. మిగతావాళ్ళు వరండాలో టీవీ చూడొచ్చు."

"నూట ఎనభై కదండీ!" అంది లోర్నా.

"యాభై ముందే తీసిపెట్టారమ్మా."

ఆమె సంచిలోంచి ఒక ఉత్తరం లాగింది. "చూడండి, మా తమ్ముడు చెవిటివాడు. దుబాసీని ఏర్పాటు చేస్తామని కమిషన్ వాళ్ళే రాశారు."

కాపలావాడు ఉత్తరం మొత్తం చదివాడు. పాపం, చెడ్డవాడేం కాదు. "చేశారమ్మా. దుబాసీ లోపలే ఉన్నాడు. మీరు లోపలికి వస్తే ఉన్నాడు."

ఇలాంటి మాట నోట్లోంచి ఎలా వస్తుందో, అన్నాక మనిషికి అన్నం ఎలా సహిస్తుందో నాకు తెలియదు. కానీ వాడిని అనే అర్హత నాకు లేదు. ఎందుకంటే లోర్నా వెంటనే నావైపు తిరిగింది.

"ఓడెల్ గారూ, మీ మనిషి రాలేదు కదా? ఆ ఒక్క చోటూ మావాడికివ్వండి. నేనక్కర్లేదు, లోపల దుబాసీ ఉన్నాడుగా. వాడొక్కడు వెళ్తే చాలు. రెండే నిమిషాలండీ."

వెండెల్ ఆమె చేతులు చూడలేదు, నా ముఖమే చూస్తున్నాడు.

"చోటు నాది కాదమ్మా," అన్నాను. "నిలబెట్టినవాళ్ళది. నేనివ్వడానికి లేదు."

పొద్దున్నించి నేను చెప్పిన నియమమే. నేను లోపలికి వెళ్ళాను. తలుపు మూసుకుంది.

లోపల నిజంగానే వెచ్చగా ఉంది. మావాళ్ళలో సగంమంది అప్పటికే తలలు వాల్చేశారు. పొద్దుటి మంచుకి తడిసిన కోట్ల వాసన, బూట్లు విప్పిన కాళ్ళ వాసన. నోళ్ళు తెరుచుకుని, చొంగ కారుతూ, బహిరంగ విచారణకి వచ్చిన ప్రజానీకం! నా కుర్చీ చివరి వరస కొసన ఉంది. కూర్చుని నా మనిషి కోసం ద్వారం వైపు చూశాను. పది నిమిషాలు చూశాను. అరగంట చూశాను. హోరేస్ గురక పెడుతున్నాడు. అప్పుడు, ఇంత ఆలస్యంగా, నా మట్టిబుర్రకి ఎక్కింది. ఏ మనిషీ రాడు. నూట ముప్పైమందిలో ఒక్కడికీ మనిషి లేడు. వాళ్ళు మమ్మల్ని తెచ్చింది చోటు ఉంచడానికి కాదు, చోటు లేకుండా చెయ్యడానికి. నేను ఎవరికోసమో కాపాడుతున్నాననుకున్న కుర్చీ, వెండెల్ హ్యాచర్ కూర్చోకుండా ఉండటానికి నా పిరుదులు పెట్టించిన కుర్చీ.

వేదికమీద అయిదుగురు కమిషనర్లు. పక్కన నల్లచొక్కా వేసుకున్న దుబాసీ, పేరుకీ పేరుకీ మధ్య చేతులు ముందుకి కట్టుకుని నిలబడుతున్నాడు. పేర్లు పిలుస్తున్నారు. మాట్లాడే చీటీలమీద మా పేర్లు క్వెంటిన్ ముందే రాసేశాడట. ఒకడి తర్వాత ఒకడు లేచి పసుపు కాగితం చదువుతున్నాడు. కాగితాలు మూడు రకాలు. ఒకదాంట్లో చదివేవాడు చిన్న వ్యాపారి, ఒకదాంట్లో పిల్లల తండ్రి, ఒకదాంట్లో సామాన్య పౌరుడు. నా ముందు చదివిన ముసలాయన, పార్కు బెంచీమీద పడుకునే మనిషి, "నా దుకాణం" అన్నాడు. ముందు వరసల్లో కోటు గుర్తులవాళ్ళు చప్పట్లు కొట్టారు. కమిషన్ అధ్యక్షురాలు ముచ్చటపడి, ఇంతమంది సామాన్యులు శ్రమపడి రావడం చూస్తే ప్రజాస్వామ్యంమీద నమ్మకం పెరుగుతోందని అంది. ఛీ! అక్కడ వాంతి చేసుకోని మనిషంటూ ఉంటే వాడికి ముక్కు లేనట్టే.

"ఓడెల్ ప్రేథర్."

లేచాను. మైకు దాకా ముప్పై అడుగులుంటుంది. ఆ ముప్పై అడుగులూ నేను ఒక నిర్ణయంతోనే నడిచాను, ఇది అబద్ధం కాదు. తెర సంగతితో మొదలుపెట్టాలి. "కిందటి మార్చిలో ఒక మధ్యాహ్నం" అని. తర్వాత డాక్టరు ప్రశ్న. తర్వాత తీగ. తర్వాత సగం నోరు. ఒకటీ యాభై ఎనిమిది. మొత్తం నాలుకమీదే ఉంది. గోడవార నిలబడి క్వెంటిన్ కాఫీ తాగుతున్నాడు. నన్ను బెదిరించలేదు, కళ్ళెర్రజెయ్యలేదు, కనీసం నావంక చూడను కూడా లేదు. అదే చెప్తున్నాను. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు.

మైకు ముందు నిలబడ్డాను. ఎర్రదీపం పచ్చగా మారింది. చేతిలో కాగితం ఉంది. కాగితం ఉంది కాబట్టి దానివంక చూశాను. చూశాను కాబట్టి చదివాను.

"ఒక సామాన్య పౌరుడిగా నా మనవి. ఇంటర్నెట్ కంపెనీలమీద అనవసరమైన ఆంక్షలు పెట్టడంవల్ల నష్టపోయేది మావంటి కుటుంబాలే. తీగ వేసినవారికి దాన్ని నడిపే స్వేచ్ఛ ఉండాలి. వేగం కావలసినవారు తగిన వెల చెల్లించడం న్యాయం. నా కుటుంబం తరఫున కృతజ్ఞతలు."

ఇరవై సెకన్లు. ఇంకా నిమిషం నలభై సెకన్లు మిగిలి ఉందని పచ్చదీపం వెలుగుతూనే ఉంది. చప్పట్లు మొదలయ్యాయి. వేదికమీద దుబాసీ చేతులు దించాడు. నా మాటలన్నీ అతను చేతులతో చెప్పాడని అప్పుడే తట్టింది. ఆ హాల్లో అవి చూడవలసినవాడు ఒక్కడూ లేడు.

తిరిగి కుర్చీకి పోలేదు. సరాసరి తలుపు తోసుకుని వరండాలోకి వచ్చేశాను.

వరండా నిండా జనం. గోడకి ఎత్తుగా టీవీ. అందులో మైకు ముందు నిలబడే మనిషి ముఖం ఒక్కటే కనపడుతోంది, దుబాసీ కనపడడు, కింద అక్షరాలు రావు. టీవీ కింద వెండెల్. అతనికి ఎదురుగా, టీవీకి వీపు పెట్టి లోర్నా. ఆమె చేతులు ఇంకా ఆడుతున్నాయి. లోపల ఎవడో చిన్న వ్యాపారి మాట్లాడుతున్నాడు, ఆమె అతని దుకాణాన్ని, అతని స్వేచ్ఛని, అతని కృతజ్ఞతలని ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట మింగకుండా తమ్ముడికి చెప్తోంది. గంటన్నరగా ఆ పసుపు కాగితాలన్నీ ఆమె చేతులమీదుగానే పోయాయి. నాది కూడా.

"కుర్చీ ఒకటి ఖాళీ అయింది, ఒకరు రావచ్చు," అన్నాడు కాపలావాడు వరసవైపు చూసి. "మాట్లాడే చీటీలు మాత్రం అయిపోయాయి."

లోర్నా అదీ చెప్పింది. వెండెల్ అక్కర్లేదని తల అడ్డంగా ఊపాడు.

నేను దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, ఆ మాటలు..."

"అన్నీ చెప్పానండీ," అంది. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "'నా కుటుంబం తరఫున' అన్నారు కదా, అదీ చెప్పాను. వాడు రెండోసారి అడిగాడు, మన ఓడెలేనా అని. అవునన్నాను."

"అవి నా మాటలు కావమ్మా."

ఆమె ముందు నా మాట తమ్ముడికి చేతులతో చెప్పింది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "నేను రోజంతా ఇంకొకరి మాటలే చెప్తానండీ. అదే నా బతుకు. కానీ ఎవరివో ముందు చెప్పి, తర్వాత చెప్తాను."

వెండెల్ ఆమె భుజంమీద తట్టి పక్కకి జరగమన్నాడు. నా ఎదురుగా నిలబడ్డాడు. నెమ్మదిగా, నాలాంటి మొద్దుకి కూడా అర్థమయ్యేలా చేతులతో అడిగాడు. నాకేం అర్థం కాలేదు. లోర్నా అతని గొంతయింది.

"నీవి కాకపోతే మరి ఎవరివి?"

అడిగింది వెక్కిరింతగా కాదు. నిజంగా తెలుసుకుందామనే. కొండలు దిగి బస్సులో వచ్చిన మనిషి, తనని బయట నిలబెట్టి తన చోట్లో మాట్లాడినవాడెవడో తెలుసుకుని పోదామనుకున్నాడు. ఒక పేరు. కనీసం అది ఇద్దామని వెతికాను. కార్డ్‌వెల్ వాళ్ళా? ఏమో, కోటు గుర్తులు చూశానే కానీ నన్ను నిలబెట్టింది వాళ్ళేనని ఎవరు చెప్పారు? క్వెంటినా? వాడికీ ఎవడో కాగితాలిచ్చి ఉంటాడు. ఆరేళ్ళలో ఒక్కసారైనా అడిగి ఉంటే కదా! అడగకపోవడమే మా నీతి అనుకున్నాను.

వెండెల్ ఇంకా నా ముఖమే చూస్తున్నాడు. నా చెయ్యి లేచింది. నాలుగువేళ్ళు నుదుటికి ఆనించి, బయటికి తిప్పి దులిపేశాను.

ఈసారి అతను నా మణికట్టు సరిచెయ్యలేదు. సరిగ్గానే వచ్చినట్టుంది. సంచి భుజాన వేసుకుని, అక్కని ముందు నడవమని, మెట్లు దిగిపోయాడు.